పేపరు ముందే వేసిన చావు

వెంకన్నా,

నీ పెద్దకర్మ నిన్న అయింది. ఇవాళ పేపరు కొని చూశాను. చేపల రేట్లు ఉన్నాయి, నీ కబురు లేదు. పంతొమ్మిదివందల అరవైల్లో మాత్రం నువ్వు బతికుండగానే నీ చావు కబురు వేశారు.

కొల్లేట్లో పడవ మునిగి వేరే ఊరి వెంకన్న పోతే, పేపరువాళ్ళు మన ఊరి పేరు వేశారు. కాఫీ హోటల్లో శెట్టిగారు అది పైకి చదివి, నీ ముందున్న ఇడ్లీ తీసి గోడ మీద పెట్టారు.

"కాకి ముట్టాక తిందువుగానిలే," అన్నారు.

"నేను బతికే ఉన్నానండీ," అన్నావు నువ్వు.

"అచ్చులో పడ్డాక నీ మాట ఎవడు నమ్ముతాడయ్యా?"

అందరూ నవ్వారు. ఇడ్లీ కాకే తింది.

ఆ పేపరే చూసి మధ్యాహ్నానికి మండవల్లి నుంచి నీ బావమరిది ఏడుస్తూ వచ్చాడు. మొగుడు పోయిన ఆడపడుచుకి పుట్టింటివాళ్ళు పెట్టే చీర చంకలో ఉంది. నువ్వేమో చేపల పులుసు కలుపుకుంటున్నావు.

"తెచ్చిన చీర వెనక్కి పట్టుకెళ్ళకూడదు బావా. ఉంచు, ఎప్పటికైనా పనికొస్తుంది," అని నీ పక్కనే కూర్చుని తిన్నాడు. మీ ఆవిడ వాణ్ణి తిట్టిన తిట్లు వీధంతా విన్నది.

వాడు పోయి చాలా ఏళ్ళయింది. ఆ పుట్టింట్లో ఇంకెవరూ లేరు. నిన్న ఆడవాళ్ళు చీర ఏదని అడిగితే, మీ ఆవిడే లేచి పెట్టె తీసింది. చీర మడతల దగ్గర చిరిగింది.

"మా తమ్ముణ్ణి ఊరికే తిట్టానండీ, అన్నయ్యగారూ," అంది నాతో.