ఎడమ చేతి ముడి

బావా, బీడీల తునికాకు కోసం అడవికి పోతున్న. అంబలి కుండల ఉంది, తాగినంకనే గోళి వేసుకో. చేతికర్ర లేకుండ వాకిట్లకు గూడ పోకు.

నిన్నటి ఆకు కట్టలు అవ్వ కట్టిందన్నవ్. ఎడమ చేతి ముడి ఈ ఇంట్ల నీ ఒక్కనిదే. నేను లేంది చూసి గొంతుక్కూసొని కట్టినవ్ గదా? ఖమ్మంల డాక్టరు బొమ్మ గీసి మరీ చెప్పిండు. మోకాట్ల రెండు ఎముకల నడుమ మెత్త లాంటిది చిరిగితే, దానికి కుట్లేసిండు. మోకాలు మొత్తం మడిస్తే పై ఎముక ఎనక్కి జరిగి, బరువంతా ఆ కుట్ల మీదనే పడతదట. అవి తెగితే చిరిగిన కాడికి కోసి తీసెయ్యాలె. ఇగ ఆ మోకాలు ఏడాదేడాదికి అరుగుడే. చెప్పీ చెప్పీ నా నోరు నొస్తాంది. నీ అబద్ధంల ముసలిదాన్ని ఇరికియ్యకు.

సుజాత

ఇయ్యాల తెచ్చే ఆకు మంచం మీద పోస్త, పక్కన కుర్చీ వేసిన. కాలు చాపుకొని కట్టు. నిన్ననే తిడదామనుకున్న. కట్టే పని ఏం మిగల్లేదని చూసి, చాప మీద ఒరిగిందే ఎరుక, కన్ను తెరిస్తే తెల్లారింది.