రోహిణీ కార్తెలో ఉన్ని దుప్పట్లు

కమ్యూనిటీ హాలు, మండవల్లి దగ్గర.

మహారాజశ్రీ నాన్నగారి పాదపద్మాలకు,

ఇందులో రాయబోయే సమస్త అపచారాలకూ మీ ఫణికిరణ్ ముందుగానే సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాడు. ఫోనైతే మీరు సగంలో పెట్టేస్తారని కార్డు రాస్తున్నాను.

కొల్లేట్లో ఎండిన కిక్కిస గడ్డి అంటుకుని ఊళ్లో పాకలన్నీ కాలిపోయాయి కదండీ, అందరూ ఈ హాల్లోనే ఉంటున్నారు. నేను అన్నాలు వడ్డిస్తున్నాను. మన కొట్టు నుంచి మీరు పంపిన మూట చేరింది. విప్పితే, చలికాలంలో అమ్ముడుపోని ఉన్ని దుప్పట్లు!

"నిప్పులోంచి ఇప్పుడే వచ్చాం బాబూ. ఇంకా సరిగ్గా ఉడకలేదని కప్పమన్నారా మీ నాన్నగారు?" అన్నారు శేషారత్నం మామ్మగారు. మీ బదులు నేనే తలదించుకున్నాను.

శుక్రవారం ఇక్కడేదో పెళ్లట, ఈలోగా హాలు ఖాళీ చేసెయ్యమన్నారు. మామ్మగారికి మొండిగోడలే తప్ప పైకప్పు లేదు. దయచేసి వెంటనే టార్పాలిన్లు పంపండి. ఫొటోగ్రాఫర్ని మాత్రం పంపకండి.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? హరిణిని నా బండి ముట్టుకోవద్దనండి. అమ్మకి నమస్కారాలు, హరిణికి ఒక మొట్టికాయ.

ఇన్ని మాటలన్నాను గానీ, నేను నిజంగా చేసిన ఘనకార్యం ఒక్కటే. మూటతో పాటు వచ్చిన "దాత నాగభూషణరావు గారు" ఫ్లెక్సీని హాలుకి కట్టలేదండీ. మామ్మగారి గోడల మీద కప్పాను, మీ బొమ్మ లోపలివైపుకి వచ్చేలా. ఎంత పెద్ద బొమ్మయినా సగం ఇంటికే సరిపోయింది. ఆవిడ కింద పడుకుని మీకేసి చూసి అన్నారు:

"పోన్లే బాబూ, దాతగారు ఇన్నాళ్లకి మా ఇంట్లోకి తొంగి చూశారు."