మంచులో పొంచిన నలభై మంది

చింతలూరు, 10 డిసెంబరు 1995

ప్రియమైన గజేందర్ నాయినకు,

మీ అమ్మ మంచం దిగుతలేదు. మన గజేందర్ హాస్టల్ల. పెండ్లప్పుడు ఆగిన నా పదో తరగతి పరీక్షలు మార్చిల. ఆమె దగ్గర నువ్వుంటేనే నేను రాసుడు. నువ్వు అరబ్బు దేశం పోయి మూడేండ్లాయె, సెలవెప్పుడు?

నిన్న పుస్తకంల రోమ్ యుద్ధం చదివిన. రోమ్‌కు పగవాడు, కార్తేజ్ సేనాపతి హనిబాల్, పెద్ద చెరువు పక్క గుట్టల మీద దండును దాచిండు. పొద్దుగాల మంచుల రోమ్ సైన్యం కింది బాటన వచ్చింది. ఒకదిక్కు నీళ్లు, ఒకదిక్కు గుట్ట. ఇగ తప్పించుకునే జాగ లేదు.

నీ గంగామణి

దుఖాన్, 2 జనవరి 1996

ప్రియమైన గంగామణికి,

కథ నచ్చింది, కోపం గూడ వచ్చింది. గుట్ట మీద ఊపిరి బిగబట్టి పండుకున్నది వేలమంది, పుస్తకంల పేరు ఒక్కనిదా? మీ పంతులును నిలదీయి. ఇక్కడా గంతే. పైపులు మోసేది మేం, బోర్డు మీద పేరు కంపెనీది.

పాస్‌పోర్టులు మేనేజర్ బీరువల. సెలవు కాయితం పట్టుకపోతే ఆఫీసుల "మేనేజర్ మాఫీ", లేడంటరు. ఆయన జీపు మాత్రం రోజూ మా క్యాంప్ బాటనే పోతది. ఒకదిక్కు సముద్రం, ఒకదిక్కు గుట్ట. పొద్దుగాల మంచు. నీ ఉత్తరం నా గదిల ఉండే ఖాసీంకు చదివి వినిపించిన. రెండుసార్లు చదివించుకున్నడు.

నీ పోశన్న

దుఖాన్, 20 జనవరి 1996

ప్రియమైన గంగామణికి,

నలభై మందిమి గుట్ట చాటున కూసున్నం. దగ్గొస్తే తువ్వాల నోట్లె కుక్కుకున్నం. జీపు లైట్లు కనబడంగనే దిగినం, ముందట ఇరవై, వెనుక ఇరవై. రాయి లేదు, కట్టె లేదు. తలా ఒక సెలవు కాయితం, ఖాసీం చేతిల చాయ్ ఫ్లాస్కు.

మేనేజర్ అద్దం దించి "లీడర్ కౌన్?" అన్నడు. ఒక్కని పేరు చెప్తే వాణ్ణి పనిలకెల్లి తీసేసి విమానం ఎక్కిస్తరు. అందరం ఒక్కటే చెప్పినం, "హనిబాల్."

ఆయన మా చాయ్ తాగుకుంట జీపుల ఉన్న మా పేర్ల రిజిస్టరే తిప్పిండు. "కౌన్సా రూమ్?" ఏ గదోడని అడిగిండు. హనిబాల్ దొరకలె. ఏడింటికి దోహా నుంచి పెద్దసార్లు వస్తున్నరు, గడియారం చూసుకున్నడు. జీపు బానెట్ మీదనే నలభై సంతకాలు పెట్టిండు. వంతులవారీగ పోవాలె. మొదటి వంతు పెండ్లానికి పరీక్ష ఉన్నోనిదని ఖాసీం తీర్పు.

నీ పోశన్న

చింతలూరు, మార్చి, అన్నం గిన్నె మూత కింద

ప్రియమైన హనిబాల్‌కు,

నువ్వు లేచేసరికి నేను సోషల్ పరీక్షల ఉంట. అత్తమ్మకు జావ పొయ్యి మీద, మందు గూట్లె.

వచ్చిన కాన్నుంచి వాడకట్టంత తిరిగి గెలుపు కథ చెప్తున్నవు, అడ్డం రాలె. ఆ పాఠానికి ఇంకో పేజీ ఉంది. చివరికి హనిబాల్ ఓడిపోయిండు. ముందే రాస్తె నువ్వు నాతోని వాదులాడుకుంట అక్కడ్నే కూసుందువు.

కోపమొస్తే సాయంత్రం దాక ఆపుకో. గుట్ట మీద పండుకున్నోళ్ల సంగతి గూడ పేపర్ల రాసే వస్త. మార్కులు కోసుకుంటె కోసుకోనీ.

నీ గంగామణి