అభ్యంతరం లేనట్టే

అక్కా,

నువ్వు ప్రభువు దగ్గరికి వెళ్ళి నేటికి ఏడాది. కువైట్‌లో, ఈ సబా అల్ సలేంలో నువ్వు వండిన వంటింట్లోనే ఇప్పుడు నేను వండుతున్నాను.

మన యజమాని బాబా సెలవుకి వచ్చాడు. యూరప్‌లో ఒక సైనిక కూటమి దగ్గర కువైట్ తరఫున ఉంటాడు కదా, ఆ సంగతులు కొడుక్కి చెబుతుంటే చాయ్ పోస్తూ విన్నాను.

"మనం సభ్యులం కాదు, వాళ్ళతో మాట్లాడటం వరకే నా పని. సభ్యదేశాల రాయబారులు ఓట్లు వేసుకోరు. కాగితం పంపి గడువు పెడతారు. ఆలోగా ఎవరూ కాదనకపోతే అందరూ ఒప్పుకున్నట్టే."

అప్పటి నుంచి నాకు అనుమానం పట్టుకుంది. నిన్ను ఇక్కడే సమాధి చేసినప్పుడు, "మీవాళ్ళెవరూ వద్దనలేదు" అంది బాబా భార్య మామా. అమ్మకి ఫోన్ చేసిందెవరు? ఎంత గడువిచ్చారు? నేనూ అప్పటికే ఇక్కడున్నాను, మామా పక్కనే నిలబడి ఉన్నాను. ఏడుపులో నోరు పెగల్లేదు. దాన్నే ఒప్పుకోలు అనుకున్నారేమో.

ఈ పొద్దున మామా, ఇక్కడ ఉండటానికి అనుమతిచ్చే నా ఇఖామా కాగితాలు బల్లమీద పెట్టింది. "ఇంకో రెండేళ్ళు, సరేగా" అని, జవాబు కోసం ఆగకుండా వెళ్ళబోయింది.

వద్దని వాళ్ళ భాషలోనే చెప్పాను. "లా, మామా."

విననట్టే చూసింది. మళ్ళీ అన్నాను.

ఆ రెండోది నీ తరఫున.