తాడుకి రెండో కొస

మండపేట,
ఆగస్టు 3.

నాకంటే నాలుగేళ్లు ముందు పుట్టి, ఆ నాలుగేళ్ల పెత్తనాన్ని ఈనాటికీ వదులుకోని మహాలక్ష్మీ సమానురాలు అక్క వెంకటదుర్గ గారి దివ్యసముఖానికి,

ముందుగా క్షమాపణలు. చేతిలో ఫోను ఉండగా కాగితం ఖరాబు చేస్తున్నందుకు నీకూ, పదేళ్లుగా బ్యాంకు నోటీసులు తప్ప మోయని మీ నిడదవోలు పోస్ట్‌మ్యాన్‌కీ, నా దస్తూరీ చదివి తలనొప్పి తెచ్చుకోబోయే బావగారికీ, బీటెక్ చదివి కూడా ఒత్తులు సరిగా పెట్టలేనందుకు యావత్ తెలుగుజాతికీ పేరుపేరునా క్షమాపణలు. వీటిలో ఒక్కదానికీ నేను బాధపడటం లేదు. కానీ చెప్పాల్సిన మాట కలం మీదికి రానప్పుడు ఇలాంటివి నాలుగు రాస్తే చెయ్యి కాస్త అలవాటు పడుతుందని.

ఫోనులో ఎందుకు చెప్పలేదంటే, మన ఇల్లు నీకు తెలిసిందే, ఒకటిన్నర గది. ఆ ఒకటీ నాన్న మంచానిది. అరగదిలో గుసగుసలాడినా ఆయనకి వినిపిస్తుంది. వాట్సాప్‌లో పెడితే నువ్వు స్పీకర్ ఆన్ చేసి మీ అత్తగారితో సహా వింటావు. ఇప్పుడు కూడా నాన్న అడిగాడు, "ఎవరికిరా అంత రాస్తున్నావు?" అని. "ఉద్యోగానికి అప్లికేషన్ నాన్నా" అన్నాను. "అంత పొడుగు రాస్తే ఎవడిస్తాడ్రా" అన్నాడు. నవ్వబోయి దగ్గాడు. ఆ దగ్గు ఆగడానికి అమ్మ రెండుసార్లు నీళ్లు పట్టాల్సి వచ్చింది.

రాజమండ్రిలో నాన్నకి ముక్క తీసి పరీక్ష చేయించాం కదా. నీతో "ఏదో ఇన్ఫెక్షన్ అంట" అని చెప్పాను. కాదక్కా. ఊపిరితిత్తి చుట్టూ ఒక పొర ఉంటుందట, దానికి క్యాన్సర్. డాక్టరు గారు నాన్నని బయట కూర్చోబెట్టి నన్నడిగారు, "మీ ఫాదర్ ఏం పని చేసేవారు?" అని. ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలర్ పని, ముప్పై ఒక్క ఏళ్లు అన్నాను. ఆవిడ పెన్ను కింద పెట్టేశారు. "బాయిలర్ తలుపు సందుల్లో తెల్ల తాడు కూరుతారు, అదేనా?" అన్నారు.

అదే. ఆవిరి బయటికి రాకుండా కూరే తాడు. ఆస్బెస్టాస్. రాతిలోంచి తీసిన నార. కాలదు, కుళ్లదు, ఎలక కూడా కొరకదు. పాతది మాడి గట్టిపడితే నాన్న ఉలితో గీకి, ఫూ అని ఊది, కొత్తది చుట్టేవాడు. ఆ ఊదినదాంట్లో కంటికి కనిపించని పీచు ఉంటుందట. ఒకసారి లోపలికి వెళ్తే ఇక రాదట. పాతికేళ్లో ముప్పై ఏళ్లో ఊరుకుని, అప్పుడు లేస్తుందట. "చుట్ట మాన్పిస్తే తగ్గుతుందా అండి?" అని అడిగాను. "ఇది చుట్టది కాదు బాబూ" అన్నారు. తగ్గడం గురించి ఆవిడ మాట్లాడలేదు.

ఇక్కడిదాకా నాన్న సంగతి. ఇక్కడి నుంచి నీ సంగతి.

మిగిలిన తాడు ముక్కలు నాన్న ఇంటికి తెచ్చేవాడు, గుర్తుందా? పేని, చుట్టకుదుళ్లు చేసేవాడు. ఎంత వేడి గిన్నె పెట్టినా మాడని కుదురు. మన వీధిలో ఏ పెళ్లయినా బాయిలర్ బుల్లబ్బాయి గారి చదివింపు అదే. నీ పెళ్లికైతే ఉమ్మడి కుటుంబమని పెద్దది చేసి, అంచుకి అమ్మ పాత చీర ఎర్రంచు కుట్టించాడు. అది నీ వంటింట్లో ఉంది. మొన్న నువ్వు పెట్టిన ఫోటోలో నా మేనకోడలు అలేఖ్య దాన్ని కిరీటంలా నెత్తిన పెట్టుకుని ఉంది. నేను దానికి లవ్ సింబల్ కూడా కొట్టాను.

అక్కా, ఒకసారి ముట్టుకున్నంత మాత్రాన ఏమీ కాదంట. కంగారు పడకు. కానీ రోజూ నలిగి, పొడి రాలే వస్తువు ఇంట్లో ఉండకూడదు, పిల్ల దగ్గర అసలు ఉండకూడదు అన్నారు డాక్టరు గారు. దాన్ని దులపకు, కాల్చకు, కత్తిరించకు. నీళ్లు చిలకరించి తడిపి, రెండు ప్లాస్టిక్ కవర్లలో పెట్టి గట్టిగా మూతి కట్టు. కింద రాలినదాన్ని చీపురుతో ఊడ్చకు, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డ కూడా కవర్లో వేసెయ్. నేనొచ్చి పట్టుకెళ్తాను.

నాన్నకి మాత్రం తెలియకూడదు. జీవితమంతా ఊరికి ఆయన పెట్టిన బహుమతి అదొక్కటే.

ఇట్లు,
నిరుద్యోగంలో నిలకడగా కొనసాగుతున్న నీ తమ్ముడు,
మణిదీప్


మండపేట,
సెప్టెంబరు 9.

అక్కకి,

ఉత్తరం రాసి, దాన్ని ఫోటో తీసి, వాట్సాప్‌లో పంపిన మొదటి తెలుగు మహిళవి నువ్వే. సన్మానం చేయిద్దును గానీ లోపలి విషయం చదివాక శాలువా వెనక్కి తీసుకున్నాను.

"సర్ఫ్‌లో రెండుసార్లు ఉతికి, పిండి, ఎండలో ఆరేసి, శుభ్రంగా దులిపాను. ఇప్పుడేం భయం లేదు. నాన్న చేత్తో చేసింది, ఆయన మంచం మీద ఉండగా నేను పారెయ్యను." ఇదీ నీ తీర్మానం. శుభ్రంగా దులిపాను అన్నావు చూడు, ఆ మాట నాలుగుసార్లు చదివాను. నీ తప్పు లేదు. మన ఇంట్లో ఏ మురికికైనా మందు సర్ఫూ, ఎండానే.

నువ్వొక్కదానివే కాదులే. మన వీధిలో పందొమ్మిది ఇళ్లలో నాన్న కుదుళ్లున్నాయి. అన్నీ తెచ్చేద్దామని దండయాత్రకి బయల్దేరాను. నాలుగు వచ్చాయి. అప్పాయమ్మ మామ్మ అయితే కుదురుని కడుపుకి హత్తుకుని గుమ్మంలో నిలబడింది. "మీ నాన్న అక్కడ ఆయాసపడుతుంటే ఇచ్చినవి వెనక్కి అడుక్కుంటున్నావా? ఎదవా, అమ్ముకుంటావా ఏంటి దీన్ని?" అంది. "మామ్మా, ఇది ఒంటికి మంచిది కాదు" అన్నాను. "డెబ్భై నాలుగొచ్చాయి, ఇంకా ఎంత మంచిది కావాల్రా నాకు?" అంది.

వచ్చిన నాలుగూ తడిపి, కవర్లలో కట్టి మున్సిపాలిటీకి తీసుకెళ్లాను. చెత్త బండి ఆయన అడిగాడు, "తడి చెత్తా, పొడి చెత్తా?" అని. ప్రమాదకరమైనదండి అన్నాను. "ఆ డబ్బా లేదండి" అన్నాడు. మర్యాదగానే చెప్పాడు. ఇప్పుడు అవి పాత పెయింటు డబ్బాలో, మూతకి టేపు వేసుకుని, మన పెరట్లో ఉన్నాయి.

మిల్లుకీ వెళ్లాను. ఓనరు సత్యప్రసాద్ గారు ఎంత మంచివారంటే, కూర్చోమని కాఫీ తెప్పించారు. "గాజునార తాడు దొరుకుతుందండి, అది వాడితే చాలు. పాతది తీసేటప్పుడు తడిపి తీయించండి, సరైన మాస్కులిప్పించండి" అన్నాను. ఆయన అంతా విని, "మీ నాన్న చుట్టలు బాగా కాల్చేవాడు కదయ్యా" అన్నారు. డాక్టరు గారి మాట చెప్పాను. "డాక్టర్లు అలాగే అంటారు. నేనూ ఇదే మిల్లులో తిరుగుతున్నాను కదా" అన్నారు. ఏసీ గదిలోంచి బాయిలర్ కనిపిస్తుంది, అది నిజమే. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు ఆఫీసుకి అర్జీ పెట్టాను. అందినట్టు రసీదు వచ్చింది. రసీదు చాలా బాగుంది, గుండ్రటి ముద్ర.

బయటికొస్తుంటే ఏసురాజు కనిపించాడు. నాన్న దగ్గర పని నేర్చుకుని, ఇప్పుడు నాన్న స్థానంలో ఉన్నవాడు. వచ్చే నెలలో పెళ్లి. పాత తాడు గీకి, అచ్చం నాన్నలాగే బుగ్గలు పూరించి ఫూ అని ఊదాడు.

"అన్నా, ఊదకు" అన్నాను.

"ఊదకపోతే ఎలా తమ్ముడూ? గాడి శుభ్రం కాకపోతే తాడు కూర్చోదు. మీ నాన్నగారు నేర్పిందే."

అదేనక్కా నా బాధ. ఆయన మంచి గురువు.

అలేఖ్యకి ముద్దులు. ఆ కిరీటం ఇంకా తన చేతికి అందుతోందా?

మణి


మండపేట,
నవంబరు 2.

అక్కా,

నువ్వు పెద్దకర్మ అయ్యాక వెళ్లి ఎనిమిది రోజులైంది. ఉన్నన్నాళ్లూ ఇల్లంతా జనం. నీతో ఒంటరిగా మాట్లాడే వీలు దొరకలేదు. దొరికి ఉన్నా మాట్లాడేవాణ్ణి కాదేమో. ఈసారి ఉత్తరం మొదట్లో క్షమాపణలు లేవు. ఒకటి దాచి ఉంచాను.

నాన్న పోవడానికి పది రోజుల ముందు నన్ను పిలిచి, "ఏసుగాడి పెళ్లికి కుదురు చెయ్యాలిరా, తాడు పట్రా" అన్నాడు. లేచి కూర్చోలేడు. అయినా వేళ్లు దుప్పటి అంచుని పేనుతూనే ఉన్నాయి. నేను తెలివైనవాణ్ణి కదా, రాజమండ్రి వెళ్లి గాజునార తాడు కొనుక్కొచ్చాను. అదీ తెల్లగానే ఉంటుంది. చేతిలో పెట్టాను. కళ్లు మూసుకుని ఒక్కసారి తడిమాడు.

"ఇది మన తాడు కాదు."

"కొత్త కంపెనీ నాన్నా."

"ముప్పై ఏళ్లు పట్టుకున్నాను. చేతికి తెలియదా? ఏంటిరా మణీ?"

ఇక చెప్పేశాను. అమ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. నాన్న ఏడుస్తాడనుకున్నాను, మిల్లుని తిడతాడనుకున్నాను. ఆయన అడిగినది ఒక్కటే.

"దుర్గ ఇంట్లోది తీశావా?"

"లేదు నాన్నా. అక్క ఇవ్వనంటోంది."

"నేను పారెయ్యమన్నానని చెప్పు."

అదక్కా, ఆయన మాట. అంత్యక్రియల హడావుడిలో నీకు చెప్పకుండా, ఇదిగో ఇలా కాగితం మీద చెబుతున్నాను. ఇది నా మాట కాదు గనుక ఈసారి కాదనలేవు.

ఏసురాజుని కూడా పిలిపించాడు. రొప్పుతూ ఒక్కో మాటే చెప్పాడు. తడిపి గీకు, ఊదకు, ఆ బట్టలతో ఇంటికి రాకు, పెళ్లాం చేత ఉతికించకు. ఏసురాజు నాన్న కాళ్లు పట్టుకుని, "ఆయ్, ఇంకెప్పుడూ ఊదనండి" అని వలవలా ఏడ్చాడు. మర్నాడు డ్యూటీకి వెళ్లాడు. తలుపు సందులోంచి ఆవిరి కొడుతుంటే, ఓనరు తొందరపెడుతుంటే, ముక్కుకి కర్చీఫ్ కట్టుకుని పొడిగానే గీకాడట. ఊదలేదు, గుడ్డతో దులిపాడట. తనే వచ్చి నాకు చెప్పాడు, తప్పు చేసిన పిల్లాడిలాగా. నాన్న పెద్దకర్మ రోజున మిల్లు గేటు ముందు ఆగిన ఆటోలోంచి కొత్త ఆస్బెస్టాస్ తాడు చుట్టలు దింపుతున్నారు. అవే. నాన్న ఫోటోకి వాళ్లు పంపిన దండ, ఆ చుట్టలు, రెండూ ఒకే ఆటోలో వచ్చాయి.

ఏసురాజు ఏడ్చి వెళ్లిన ఆ సాయంత్రం నాన్న ఇంకో మాట అడిగాడు. "నీకెప్పుడు తెలిసిందిరా ఇది?"

"జులైలో నాన్నా, డాక్టరు గారు చెప్పినప్పుడు" అన్నాను. "పోన్లే, ఇప్పటికైనా చదువుకున్నవాడివి గనుక అర్థమైంది" అని నా చెయ్యి నిమిరాడు.

అక్కా, అది అబద్ధం.

బీటెక్ మూడో ఏడాది పరీక్షలో ఆస్బెస్టాస్ గురించి పది మార్కుల ప్రశ్న వచ్చింది. ఉపయోగాలు ఐదు రాశాను, నష్టాలు ఐదు రాశాను. నష్టాల్లో మొదటిదే క్యాన్సర్. కింద గీత కూడా గీశాను. ఆ పేపరు రాసి మూడు రోజులకి నీ పెళ్లికని ఇంటికొచ్చాను. అరుగు మీద నాన్న తెల్ల తాడు ముందేసుకుని కూర్చున్నాడు. ఆ తాడు పేరేంటో నాకు అప్పుడే తట్టింది. చెబుదామనుకున్నాను. పెళ్లి ఇల్లు, ఆయన నవ్వుతున్నాడు, తర్వాత చెబుదాంలే అనుకున్నాను. నాన్నకి అప్పటికే ఆలస్యమై ఉంటుంది, అది నాకు తెలుసు. కానీ నీ ఇంటికి ఆలస్యం కాలేదు. ఏసురాజు అప్పటికింకా పనిలో చేరనే లేదు.

ఈ మూడు నెలల్లో నేను అర్జీలు పెట్టాను, ఇళ్లు తిరిగాను, తాడు కొన్నాను. ఏదీ అయ్యింది కాదు. మొత్తం ఈ కథలో నేను నిజంగా చేసింది, పూర్తి చేసింది ఒక్కటే ఉంది.

నీ కుదురు పెద్దది కదా, పేనడానికి నాన్నకి ఒక్కడికీ కుదరలేదు. "ఒరేయ్ ఇంజనీరూ, ఆ రెండో కొస గట్టిగా పట్టుకో" అన్నాడు.

పట్టుకున్నాను.

నీ తమ్ముడు,
మణిదీప్