సీసా అడుగున మిగిలింది

చిట్టీకి అమ్మమ్మ ఆశీస్సులు.

ముందుగా ఒక దిద్దుబాటు. "నా బీరు చప్పబడింది, నేనింక ఈ పనికి పనికిరాను" అని రాశావు. అందులో ఒక్క ముక్కా నిజం కాదు. ఎలా తెలిసిందో చెబుతాను, ఓపిక పట్టు. ఇక్కడ మీ అమ్మ, నేను, పిల్లి ముగ్గురం కులాసా. మోకాలు ఎలా ఉందని అడిగావు. ఉండవలసిన చోటే ఉంది.

నువ్వు శిక్షణకు వెళ్ళేముందు సీసాల్లోకి పట్టిన ఘాటు గోధుమ బీరును సోమవారం పారబోస్తానని మీ యజమాని నీకు రాశాడన్నావు. పని మానేస్తున్నాను, నా రబ్బరు బూట్లు, నోటుపుస్తకం తెచ్చిపెట్టు అని కూడా రాశావు. శనివారం పొద్దున్నే వెళ్ళాను. మీ బీరు షెడ్డంతా వేడినీళ్ళ ఆవిరి, తడి గచ్చు. బూట్లూ నోటుపుస్తకమూ దొరికాయి. నీ పాదాలు ఇంకా పెరుగుతున్నాయా ఏమిటి?

మీ యజమాని మర్యాదస్తుడే. కుర్చీ వేశాడు. "నా మాట నమ్మక్కర్లేదు పెద్దమ్మగారూ, మీరే రుచి చూడండి" అంటూ ఆరువారాలుగా అరలో కదలకుండా నిలబడ్డ సీసా తీసి, నిద్రపోయే పసిబిడ్డను ఎత్తుకున్నంత మెల్లగా గ్లాసులోకి వంచాడు. పైతేట పోసి, అడుగున మూడోవంతు సీసాలోనే ఉంచేశాడు. తాగాను. మీ తాతయ్య ప్రేమలేఖలా ఉంది: మర్యాదగా, పలచగా.

"చూశారా! గోధుమ బీరంది మీ పిల్ల. గోధుమేదీ?" అని పెదవి విరిచాడు.

"మరి సీసాలో మిగిలిందేమిటి నాయనా?"

"మడ్డండీ. మా నాన్న నాటినుంచీ తేట బీరే చేస్తున్నాం. మడ్డి పోస్తే పరువు పోదూ?"

ముప్ఫై ఆరేళ్ళు రసాయనశాస్త్రం చెప్పినదాన్ని. అడుగున పేరుకున్నదాని సంగతి తేల్చకుండా ఫలితం రాసిన ఏ పిల్లకీ నేను మార్కులు వెయ్యలేదు. పైగా నీ నోటుపుస్తకం నా ఒళ్ళోనే ఉంది. ఆయన దాన్ని తెరిచిన పాపాన పోలేదు. చివరి పేజీలో ఎర్రసిరాతో రాసి ఉంది: "సీసా తిప్పి, అడుగు ఈస్టు కూడా కలిపి పోయాలి."

సీసా లాక్కున్నాను. దగ్గుమందు సీసాలా గిరగిరా తిప్పాను.

"అయ్యో, చీర మీద పడుతుందండీ!"

"పడితే ఉతుక్కుంటాను. గ్లాసు పట్టు."

నురగ అంచు దాటి లేచింది. గ్లాసులో మిగిలిన తేటంతా మబ్బుపట్టి ముదురు రంగుకు తిరిగింది. మొదట బాగా మగ్గిన అరటిపండు, వెనకాలే లవంగం, ఆ తరువాత మాడీ మాడని రొట్టె అంచు. చివరికి నా చెవులు వెచ్చబడ్డాయి. మొదటి గుక్క నీ కోసం తాగాను. రెండోది శాస్త్రం కోసం. మూడోది ఎవరి కోసమో అడగకు.

ఆయనా తాగాడు. మళ్ళీ తాగి, మీసాల నురగ తుడుచుకుని, "ఇది ఆ పిల్ల చేసిందేనా?" అన్నాడు.

"కాదు, నేను చేతిసంచిలో తెచ్చాను" అన్నాను.

నవ్వేశాడు. పెట్టెల మీద అంటించిన "పారబోయాలి" కాగితాలు తన చేత్తోనే చింపాడు. నాలుగు వందల సీసాలూ అమ్మకానికి పెడతాడట. నువ్వు ఈ బీరు పులియబెట్టిన తొట్టె ఇకమీద నీదేనట. తప్పు తనదేనని నీకు రాస్తానన్నాడు; నా ఎదుటే మొదలుపెట్టించాను. బూట్లు అక్కడే వదిలి వచ్చాను.

ఇప్పుడొక సంగతి ఒప్పుకోవాలి. నువ్వు మంచినీళ్ళు శుద్ధిచేసే కర్మాగారంలో పనిచేస్తున్నావని రెండేళ్ళుగా మన మెట్ల మీద అందరికీ చెబుతూ వచ్చాను. సిగ్గుపడే చెప్పాను. క్షమించు. ఇవాళ సాయంత్రం పైవాటా జడ్జిగారి భార్యను ఆపి, "మా మనవరాలు బీరు చేస్తుంది, చాలా ఘాటైనది" అన్నాను. ఆవిడ ముక్కున వేలేసుకుంది. అటూ ఇటూ చూసి, "ఒక సీసా దొరుకుతుందాండీ?" అంది.

ఇక పని. లేబుళ్ళు అచ్చువేసేవాడు గురువారం దాకా ఆగుతానన్నాడు. తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో బీరుకు నువ్వు పెట్టే పేరు, దాని కింద "చేసినవారు" అని నీ పూర్తిపేరు రాసి, ఈ ఉత్తరం అందిన రోజే రిజిస్టరు పోస్టులో నాకు పంపు. రసీదు పారేయకు.

ఇట్లు,
నీ అమ్మమ్మ