నీలం కప్పు ఏమైంది?

“తెల్లవారింది” కార్యక్రమం వారికి,

నమస్కారాలు. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్ఫై రెండేళ్లు పనిచేసి రిటైరైనదాన్ని. అక్కయ్యా నేనూ ఒకే ఇంట్లో ఉంటున్నాం. మీ కార్యక్రమం మొదలైన రోజు నుంచీ, అంటే ఇరవై ఆరేళ్లుగా, మా ఇంట్లో పొద్దు మీతోనే పొడుస్తోంది. మొదట ఆ గంట మూడుసార్లు మోగాలి. తర్వాత మీ వార్తల పెద్దాయన కళ్లజోడు సర్దుకోవాలి. ఏడింటికి ముఖ్యాంశాలు అయిపోగానే నీలం కప్పు ఎత్తి, ఒక గుక్క టీ తాగి, “ఊఁ, ఇక మీరూ కానివ్వండి” అనాలి. వరదలొచ్చినా, ఎన్నికలొచ్చినా, ఆయనకే జలుబు చేసి గొంతు పూడుకుపోయినా ఆ గుక్క మాత్రం ఏనాడూ తప్పలేదు.

మూడు వారాలుగా కప్పు కనబడటం లేదు. మాట మాత్రం అంటున్నారు. గుక్క లేకుండా ఆ మాటేమిటండీ, ఉత్త పలకరింపులాగా! కప్పు ఏమైందో దయచేసి తెలుపగలరు.

ఇట్లు,
మీ పాత ప్రేక్షకురాలు

తా.క.: ఆయన మొన్న కట్టుకున్న చారల టై గురించి నేనేమీ అనదలచుకోలేదు. అక్కయ్య అన్నది.

*

గౌరవనీయులైన ప్రేక్షకురాలికి,

మీ ఉత్తరం అందింది. కప్పు విషయంలో మీరు చూపిన ఆసక్తికి కృతజ్ఞతలు. మన జట్టు సెమీఫైనల్లోనే ఓడిపోవడం వల్ల ఈసారి కప్పు మనకు రాలేదని తెలియజేయడానికి విచారిస్తున్నాం. వచ్చే ఏడాది తప్పక వస్తుందని మా క్రీడల విభాగం గట్టిగా నమ్ముతోంది.

భవదీయులు,
ఉత్తరాల విభాగం

తా.క.: టై గురించి అక్కయ్యగారు ఏమన్నారో రాయలేదు.

*

ఉత్తరాల విభాగం వారికి,

నమస్కారాలు. నేనడిగింది ఆటల కప్పు కాదండీ. ఆటలతో మా ఇంట్లో ఎవరికీ పనిలేదు. మీ స్టూడియోలో ఉండే కప్పు. పగిలిందా? పగిలితే పగిలిందని చెప్పండి, తట్టుకుంటాం. ఎక్స్ఛేంజీలో ఉన్న రోజుల్లో నంబరు రెండుసార్లు చెప్పించుకుంటే గానీ నేను లైను కలిపేదాన్ని కాదు. మీరు నా ఉత్తరం ఒక్కసారైనా పూర్తిగా చదివారా అని నా అనుమానం.

ఇట్లు,
అదే ప్రేక్షకురాలు

తా.క.: “పరుపు కుట్టగా మిగిలిన గుడ్డేమో” అన్నది.

*

గౌరవనీయులైన ప్రేక్షకురాలికి,

మా స్టూడియో కప్పు పగిలిందేమోనన్న మీ ఆందోళనను వెంటనే భవన నిర్వహణ వారి దృష్టికి తీసుకువెళ్లాం. వారి ఇంజనీరు స్వయంగా నిచ్చెన వేసుకుని పైకెక్కి చూశారు. కప్పు దిట్టంగా ఉందనీ, ఎంత వానకైనా చుక్క కురవదనీ రాసిచ్చారు. ఒక మూల పావురం గూడు పెట్టింది, అంతే. నిశ్చింతగా ఉండగలరు.

భవదీయులు,
ఉత్తరాల విభాగం

తా.క.: పరుపు గుడ్డ సంగతి వార్తల పెద్దాయన చెవిన వేశాం. ఆ టై ఇక కట్టరు.

*

అయ్యా,

టీ తాగే కప్పు! కింద బొమ్మ గీశాను, చూసుకోండి. నీలం రంగు పెన్సిలు కోసం ఎదురింటి పాపను బతిమాలుకున్నాను.

మీకిది వేళాకోళంగా ఉండొచ్చు. నాకు కాదు. అక్కయ్యకు రెండేళ్లుగా మతిమరుపు జబ్బు. ఒకరోజు నన్ను “అమ్మా” అంటుంది, ఇంకోరోజు “ఎవరి కోసం వచ్చారండీ?” అని కుర్చీ చూపిస్తుంది. కానీ మీ పెద్దాయన కప్పు ఎత్తగానే తనూ తన గ్లాసు ఎత్తేది. ఆ గుక్కలోనే మాత్ర మింగించేసేదాన్ని. ఇప్పుడు మాత్ర చేతిలో పెడితే, “ఉండవే, ఆయనింకా తాగలేదు” అంటుంది. పదింటి దాకా గుప్పిట్లో పట్టుకుని అలాగే కూర్చుంటుంది. చెమటకి మాత్ర కరిగి పిండైపోతోంది. మొన్న డాక్టరు నన్ను కేకలేశాడు. నేనెవర్ని కేకలెయ్యాలి?

ఇట్లు,
ఓపిక అయిపోయిన ప్రేక్షకురాలు

తా.క.: పావురాన్ని అడిగానని చెప్పండి. మీ ఆఫీసులో తన పని తాను చేసుకుంటున్నది అదొక్కటే అనిపిస్తోంది.

*

అమ్మా,

నమస్కారం. ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చించేశాను.

ఉత్తరాల విభాగం అంటే ఎవరో అనుకుంటున్నారు. నేనే. మీరు “వార్తల పెద్దాయన” అంటున్నవాణ్ణి. ఒకప్పుడు ఆ గదిలో ఆరుగురు పనిచేసేవారు, ఉత్తరాలు గోనెసంచుల్లో దిగేవి. ఒక్కొక్కరే వెళ్లిపోయారు, ఉత్తరాలూ తగ్గాయి. ఇప్పుడు వారానికి రెండో మూడో వస్తాయి. వార్తలయ్యాక మొహానికున్న రంగు తుడుచుకుని, ఆ గదిలో ఒక్కణ్ణీ కూర్చుని నేనే జవాబులు రాస్తాను. ఆ అలవాటు పోనివ్వబుద్ధి కాలేదు.

మీరడిగింది మొదటి ఉత్తరంలోనే అర్థమైంది. చెప్పడానికి సిగ్గేసి ఆటల మీదికీ, ఇంటి కప్పు మీదికీ పోయాను. ఇంజనీరూ లేడు, నిచ్చెనా లేదు. కప్పు పగలలేదు. నా సొరుగులో, చేతిరుమాలు కింద ఉంది. ఈమధ్య నా చేతులు వణుకుతున్నాయమ్మా. కప్పు ఎత్తితే జనమంతా చూస్తారు. చూస్తే పైవాళ్లు, “పెద్దాయనా, ఇక ఇంటిపట్టున ఉండండి” అంటారు. అందుకని దాచేశాను. దాని వల్ల ఒకావిడ మందు మానేస్తుందని కలలో కూడా అనుకోలేదు.

సోమవారం చూడండి. రెండు చేతులతో ఎత్తుతాను. ఒలికితే ఒలుకుతుంది.

మీ
వార్తలవాడు

తా.క.: పావురం మాత్రం నిజం.

*

వార్తల పెద్దాయన గారికి,

నమస్కారాలు. చూశాం. మాత్ర అక్కయ్య చేతిలో పెట్టి, గ్లాసు దగ్గరికి జరిపాను. మీరు రెండు చేతులా పట్టుకుని కప్పు ఎత్తారు. సగం మీ నోట్లోకి, సగం వాతావరణం కాగితం మీదికి. పక్కనున్న అమ్మాయి ఆ కాగితం పైకి తీసి, చుక్కలు కారుతుంటే, “అక్కడక్కడా తేలికపాటి జల్లులు” అని చదివింది. మీరు నవ్వు ఆపుకోలేక దగ్గారు. ఇన్నేళ్లలో మీరు నవ్వగా చూడటం అదే మొదలు.

అక్కయ్య గ్లాసు ఎత్తింది. మాత్ర లోపలికి వెళ్లిపోయింది. నేను చీరచెంగుతో కళ్లు తుడుచుకున్నాను.

పైవాళ్లు ఏమైనా అంటే నాకు రాయండి. ఎక్స్ఛేంజీలో నాతో పనిచేసినవాళ్లు నలభై మంది దాకా ఉన్నారు. మీ ఆఫీసు ఫోను ఒక వారం పాటు ఖాళీగా ఉండదు.

ఇట్లు,
మీ పాత ప్రేక్షకురాలు

తా.క.: అక్కయ్య మీ చేతులకేసి చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు వంగి, మీకు వినబడకూడదన్నట్టు మెల్లగా అన్నది: “కొత్తగా చేరినట్టున్నాడే కుర్రాడు. పాపం, భయపడుతున్నాడు. నాలుగు రోజులు పోతే అదే అలవాటవుతుందిలే.”